సరీసృపముల సంరక్షణము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి వేదికపై భారత భాగవతములను గూర్చియో, కవిత్వమును గూర్చియో ప్రసంగించుట మన గ్రంథాలయమునకు పరిపాటి. నేను పాములను, మొసళ్లను, తాబేళ్లను గూర్చి, అందును జంతుప్రదర్శనశాలలలో వానిని పోషించు విధమును గూర్చి మాటలాడుదునని తెలిసి కొందరు మిత్రులు నవ్విరి. గ్రామపు లెక్కలు వ్రాసికొనువానికి పాములతో పని యేమని వారి ప్రశ్న. నేను బడిలో చదివినది స్వల్పము. నాకు వచ్చిన నాలుగు ముక్కలు ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్ష. ఆ బీరువాలోని భారతమును తెరచినచో మొదటి పర్వములోనే మనకు ఎదురగునవి పాములు. ఉదంకుని కథ, రురుని కథ, జనమేజయుని సర్పయాగము, దానిని ఆస్తీకుడు ఆపుట, ఇవన్నియు అందున్నవి. ఈ జాతిని సమూలముగ నశింపజేయుట తగునా యను ప్రశ్నను మన పూర్వులు ఏనాడో వేసికొని, తగదని తీర్పు చెప్పుకొనిరి. చంపరాదని తేలిన పిదప, పట్టి యుంచినవాడు దానిని ఎట్లు చూడవలెననునది రెండవ ప్రశ్న. నేటి నా ప్రసంగము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

సరీసృపమనగా ప్రాకుచు పోవునది. పాము, బల్లి, తొండ, ఉడుము, తాబేలు, మొసలి, ఇవన్నియు ఈ వర్గములోనివే. వీనిని శీతరక్త జీవులందురు. అంతమాత్రమున వీని రక్తము ఎల్లప్పుడు చల్లగా నుండునని కాదు. మన శరీరము తిన్న అన్నముతో తన వేడిని తానే పుట్టించుకొనును. ఇవి ఆ వేడిని బయటినుండి తెచ్చుకొనును. ప్రొద్దున మన ప్రహరీగోడపై తొండ ఎండ కాగుచుండుటయు, మిట్టమధ్యాహ్నము నీడకు జారుకొనుటయు మీరందరు చూచినదే. అది సోమరితనము కాదు, దాని బ్రతుకుతెరువు. వేడి చాలనిచో పాము మ్రింగిన ఆహారము అరగదు. కడుపులోనే కుళ్లును, లేదా కక్కివేయును. వేడి మితిమీరినచో కొద్ది సేపటిలోనే ప్రాణము పోవును.

కావున సరీసృపమునకు పంజరము కట్టువాడు మొదట ఆలోచింపవలసినది ఇనుపచువ్వలను గూర్చి కాదు, వేడిని గూర్చి. గది యంతయు ఒక్కతీరుగ వెచ్చగా నుండిన చాలదు. ఉదాహరణకు ఒక కొన 32 డిగ్రీల వేడియు, రెండవ కొన 25 డిగ్రీలును ఉండవలెను. అప్పుడు ఆ జీవి తనకు కావలసిన చోటికి తానే జరుగును. అడవిలో దానికున్న స్వాతంత్ర్యములో మనము తిరిగి యీయగలిగినది ఈ కొంచెమే. ఆ కొంచెమును కూడ ఈయలేనివాడు దానిని ఉంచుకొనుటకు అర్హుడు కాడు.

ఈ సంగతి తెలియుటకు లోకమునకు చాలకాలము పట్టినది. లండను జంతుప్రదర్శనశాలవారు 1849లో సరీసృపములకు ప్రత్యేకముగ ఒక గృహమును తెరచిరి. ప్రజలు చూచుటకు ఇట్టి గృహమేర్పడుట అదియే మొదలని చెప్పుదురు. 1852లో అచ్చటి కాపరి గర్లింగ్ అనునతడు, రాత్రి మద్యము త్రాగి తెల్లవారి పనికి వచ్చి, నాగుపామును చేతబట్టి ఆటలాడబోయి, ముఖమున కాటు తిని మరణించెను. నేడు మంచి జంతుశాలలలో విషసర్పమున్న గదిని ఒంటరిగ ఎవ్వరును తెరువరు. కొక్కెపు కఱ్ఱ, రెండు తాళములు, విషమునకు విరుగుడు మందు సిద్ధముగ నుండవలెను. సంరక్షణ యనగా జీవికి మాత్రమే కాదు, దానిని కాచువానికి కూడ అని ఇందువలన తెలియుచున్నది.

1927లో లండనులోనే క్రొత్త సరీసృపగృహము కట్టబడెను. దానికి నమూనా వేసినది జోన్ ప్రాక్టర్ అను విదుషి. ఆమె చిన్ననాటినుండి రోగపీడితురాలు. 1931లో ముప్పదినాలుగేండ్ల వయసుననే మరణించెను. ఒక్కొక్క గదికి అందుండు జీవికి తగిన వేడి విడివిడిగ అందునట్లును, చూచువారు నిలుచు చోటు మసకగను, జీవులుండు గదులు వెలుతురుగను ఉండునట్లును ఆమె ఏర్పాటు చేసెను. అంతకంటె ముఖ్యమైనది గాజు. సూర్యకాంతిలో మన కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కొన్ని కలవు. అవి ఒంటికి తగిలినగాని తాబేళ్లకును, అనేకములైన తొండజాతులకును ఎముకలు గట్టిపడవు. మామూలు గాజు ఆ కిరణములను ఆపివేయును. అద్దపు గదిలో వెలుతురెంత యున్నను తాబేలు డిప్ప మెత్తబడుట ఇందువలననే. ఆ కిరణములను లోనికి పోనిచ్చు ప్రత్యేకపు గాజును ఆమె తెప్పించి అమర్చెను.

ఇండోనేషియాలోని కొమోడో ద్వీపమున పదియడుగుల వరకు పెరుగు మహాకాయపు ఉడుములు కలవు. అట్టి ఉడుమును ఒకదానిని ఆమె మచ్చిక చేసి, 1928లో పండితుల సభకు తెచ్చి, అందరి యెదుట చేతితో ఆహారము పెట్టెను. క్రూరజంతువని పేరుపడిన దానిని సాధుపరచినది కొరడా కాదు, తగిన వేడి, తగిన తిండి, భయపెట్టని చేయి.

ఇక మన భాషలోనికి వత్తము. అమరకోశములో పామునకున్న పేర్లను నేను చిన్ననాడు అర్థము తెలియకయే వల్లించితిని. జంతుశాలల పుస్తకములు చదివిన పిదప, అందు కొన్ని పేర్లు కాపరికి చెప్పిన పాఠములవలె కనబడినవి.

బిలేశయము అనగా కలుగులో పండుకొనునది. దాగుటకు చోటు లేని పాము అహర్నిశములు భయముతో నుండును. భయపడిన పాము తినదు. కాబట్టి మంచి గదిలో ఒక పెట్టెయో, మ్రాను తొఱ్ఱయో, ఆకుల కుప్పయో ఉండి తీరవలెను. రూపాయలిచ్చి లోనికి వచ్చినవారికి పాము కనబడలేదని కోపము వచ్చును. ఆ కోపమును సహించుట కూడ జంతుశాలవారి ధర్మములలో ఒకటి.

చక్షుశ్శ్రవము అనగా కన్నులే చెవులుగ గలది. పామునకు బయటికి చెవిరంధ్రము లేదు. అయినను నేలయొక్క అదురు దవుడ యెముకద్వారా దానికి చక్కగా తెలియును. గాలిలో వచ్చు మంద్రమైన ధ్వనులను కూడ కొంతవరకు పసికట్టునని ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు. మనము గాజును వ్రేళ్లతో టకటక కొట్టినప్పుడు, దాని గది గోడలన్నియు అదరును. దినమునకు వేయిమంది వేయిమార్లు కొట్టినచో దాని గతి యేమో ఆలోచింపుడు.

పవనాశనము అనగా గాలి తిని బ్రతుకునది. పాము నిజముగ గాలి తినదు. కాని శరీరమును వెచ్చగా నుంచుకొను ఖర్చు లేదు గనుక అతిస్వల్పమైన ఆహారముతో గడుపుకొనును. పెద్ద కొండచిలువ ఒకమారు కడుపునిండ తిని నెలల తరబడి ఊరకుండగలదు. ఇది దానికి వరము, కాపరికి పరీక్ష. తినలేదని కంగారుపడి బలవంతముగ మేపుట ఒక తప్పు; తినకున్నను బ్రతుకునులే యని నిర్లక్ష్యము చేయుట అంతకంటె పెద్ద తప్పు. రెంటి నడుమనున్న నిజమును తెలుపునది త్రాసు ఒక్కటే. పామును నియమముగ తూచి బరువు వ్రాసిపెట్టుకొన్నవానికి మాత్రమే ఉపవాసమేదో రోగమేదో తెలియును.

కంచుకి అనగా కుబుసము గలది. గాలిలో తేమ తగ్గినచో కుబుసము ఒక్క తొడుగుగ ఊడిరాక ముక్కలు ముక్కలై అంటుకొనిపోవును. కంటిపైనున్న పొర మిగిలిపోయినచో పాము చూపు చెడును. కాబట్టి కాపరి ఊడిన కుబుసమును పారవేయక, విప్పి, కంటిపొరలు రెండును వచ్చినవో లేదో చూడవలెను.

పాలమాట కూడ ఇచ్చట చెప్పవలెను. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు మన ఆడపడుచుల భక్తిని నేను కాదనను. కాని పాలు పాముకు ఆహారము కాదు. బుట్టలో తెచ్చిన పాము పాలు త్రాగినచో, అది నీరులేక దప్పిగొనియున్నదని గ్రహింపవలెను. ఏ జంతుశాలలోను పామునకు పాలు పోయరు. గిన్నెలో మంచినీరు మాత్రము ఎల్లప్పుడు ఉంచుదురు.

సభాసదులారా, ఇంతకును ఇందలి అసలు కష్టమొకటి యున్నది. జబ్బుచేసిన ఆవు అరచును. కుక్క మూలుగును. పాము మూలుగదు, తాబేలు ఏడ్వదు. సరిగ చూడని సరీసృపము ఆరునెలలు, ఏడాది ఊరకే పడియుండి, ఒకనాడు చచ్చియుండును. చూచువారికి నిన్నటికిని నేటికిని భేదము కనబడదు. దానికి నోరు లేదు గనుక, దాని నోరు కాపరి వ్రాయు పుస్తకమే. నేడు వేడి యెంత, నీరు మార్చితిరా, తిన్నదేమి, బరువెంత, కుబుసమెప్పుడు విడిచెను, ఇవి తేదీలవారీగ వ్రాయబడవలెను. లెక్కలు వ్రాయువాడనగుటచే ఇట్లనుచున్నానని మీరు నవ్వవచ్చును. కాని మన ఊరి అడంగలులో ఒక అంకె తప్పినచో రైతు వచ్చి నన్ను నిలదీయును. పాము వచ్చి నిలదీయదు. నిలదీయలేనివాని లెక్కనే మరింత జాగ్రత్తగ వ్రాయవలెను.

తాబేలు విషయములో ఇది యింకను స్పష్టము. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనది. అదే సంవత్సరము నగరములోని బాగే ఆం ఉద్యానవనమునుండి అచ్చటికి తెచ్చిన మహాకాయపు తాబేలొకటి 2024 మార్చిలో, సుమారు 125 యేండ్ల వయసున మరణించెను. అరువదియేండ్లకు పైగా దానిని ఆ జంతుశాలలో ఎందరు కాపరులు చూచియుందురో ఊహింపుడు. ఒకడు ఉద్యోగము విరమించును, మరియొకడు వచ్చును. తాబేలు అచ్చటనే యుండును. చేతులు మారినను దస్త్రము చెడకుండిననే ఆ జీవి క్షేమము.

ఇక మొసలి. గజేంద్రమోక్షము విన్నవారమగుటచే మొసలియనిన మనకు పట్టు విడువని శత్రువు. కాని 1970ల నాటికి చర్మము కొరకు జరిగిన వేటవలనను, నదులపై ఆనకట్టలవలనను, చేపల వలలవలనను మన దేశములో మొసళ్లే అంతరించు స్థితికి వచ్చినవి. అందు పొడుగుమూతి గల ఘరియాల్ అను జాతి మిక్కిలి దీనస్థితిలో నుండెను. అడవులలో మిగిలిన పెద్దవి 200కు లోపేయని అంచనా వేసిరి. అంతట 1975లో కేంద్రప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయముతో మొసళ్ల సంరక్షణ పథకమును ఆరంభించెను. నదీతీరపు ఇసుకలోనుండి గుడ్లను తెచ్చి, పొదిగించి, పిల్లలను సుమారు నాలుగడుగులు పెరుగువరకు పోషించి, మరల నదిలో విడుచుట దాని పద్ధతి. ఒడిశాలోని నందనకానన జంతుశాలకు మగ ఘరియాల్ కరవు కాగా, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాలనుండి ఒకదానిని తెప్పించిరి. 1980లో నందనకాననములో పిల్లలు పుట్టినవి. మనుష్యుల పోషణలో ఘరియాల్ పిల్లలు పుట్టుట ప్రపంచములో అదియే మొదటిసారి.

మద్రాసునుండి మహాబలిపురము పోవు త్రోవలో 1976లో రామ్యులస్ విటేకర్, ఆయన సహచరులు మొసళ్ల నిధియను సంస్థను నెలకొల్పిరి. మన తెలుగునాట సంగారెడ్డి సమీపమున మంజీరా జలాశయము 1978లో మొసళ్ల అభయారణ్యమైనది. ఈ పనిలో బయటపడిన రెండు వింతలను మీకు చెప్పవలెను. కోడి తన గుడ్లను మాటిమాటికి త్రిప్పును. మొసలి గుడ్డును త్రిప్పరాదు. పెట్టిన కొద్దికాలమునకే లోపలి పిండము పైపెంకునకు అంటుకొనును. తలక్రిందు చేసినచో చచ్చును. అందుచే గుడ్లు తెచ్చువారు పైభాగమున పెన్సిలుతో గుర్తు పెట్టి, అట్లే పైకి ఉంచి తెత్తురు. రెండవది, పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది గుడ్డు పొదిగిన వేడి. మన మంచినీటి మొసలి గుడ్లను 31 డిగ్రీలకు లోపల పొదిగించినచో అన్నియు ఆడపిల్లలే యగును. 32న్నర ప్రాంతమున మగవి పుట్టును. ఒకటిన్నర డిగ్రీ తేడాలో ఒక సంతతి భవిష్యత్తు ఇమిడియున్నది! ఉష్ణమాపకమును చూచి వ్రాయుట ఎంత బాధ్యతగల పనియో ఇందువలన గ్రహింపుడు.

ఐనను జయములో కూడ ఒక చిక్కున్నది. మద్రాసు మొసళ్ల నిధిలో పిల్లలు వేలకొలది వృద్ధిచెంది, విడుచుటకు తగిన నీటిపట్టులు దొరకక, గుడ్లను పొదుగనీయక తీసివేయవలసిన స్థితి వచ్చెను. 2007-08 చలికాలములో చంబల్ నదిలో వందకు మించిన ఘరియాళ్లు మూత్రపిండములు చెడి మరణించినవి. జంతుశాల పిల్లను పెంచగలదు, నదిని పెంచలేదు. నది చెడిన పిదప జంతుశాల యనునది తిరిగి పోవుటకు ఇల్లు లేని బిడ్డలకు అనాథశాల మాత్రమే యగును.

మద్రాసు మొసళ్ల నిధి ఆవరణములోనే మరియొక మంచి పని జరుగుచున్నది. ఇరుళ కులమువారు పూర్వము పాముల చర్మమునమ్మి బ్రతికెడివారు. ఆ వ్యాపారము నిషేధింపబడిన పిదప 1978లో వారు ఒక సహకార సంఘముగ ఏర్పడిరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగు జాతులను పట్టి, కుండలలో కొన్ని వారములు మాత్రము ఉంచి, వారమునకొకమారు విషము తీసి, పొట్టక్రింది పొలుసుపై గుర్తు పెట్టి, మరల అడవిలో విడుతురు. ఆ విషమునుండియే విరుగుడు మందు తయారగును. మన ఊరి పొలములో రాత్రి నీరు పెట్టబోయి కాటు తిన్న రైతునకు ఆసుపత్రిలో ఎక్కించునది ఆ మందే. ఎక్కడనో ఒక కుండలో ఒక పామును ఎవరో శ్రద్ధగ చూచినందున ఇక్కడ ఒక యిల్లాలి పసుపుకుంకుమలు నిలుచుచున్నవి. కాటు తిన్నవానిని మంత్రగానివద్దకు కాక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవుడని ఈ సందర్భమున చేతులు జోడించి మనవి చేయుచున్నాను.

ఇక నేను ఈ విషయమును ఎన్నుకొనిన కారణము. ఈ ఉత్సవములలో పాములను, నక్షత్రపు తాబేళ్లను పట్టి తెచ్చి, గాజుపెట్టెలలో మూడుదినములు ప్రదర్శింపవలెనని మన యువకులు కొందరు తలపెట్టిరి. వారి ఉత్సాహము మెచ్చదగినది. బాలురకు జ్ఞానము కలుగవలెననియే వారి ఉద్దేశము. అయినను నేను అడ్డు చెప్పితిని. అందుకు వారు నాపై అలిగిరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దీని నొప్పదనునది ఒక కారణము. 1992లో ఏర్పడిన కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ గుర్తింపు లేక ఎవ్వరును జంతుప్రదర్శనశాల నడుపరాదు. కాని చట్టము లేకున్నను నేను అడ్డు చెప్పియుందును. నాయనలారా, ఆ పెట్టెలలో రాత్రి వేడి ఎవరు చూతురు? దాగుచోటు ఎక్కడ పెట్టుదురు? తాళపుచెవి ఎవరివద్ద నుండును? నాలుగవనాడు వానిని పట్టిన చోటనే విడుచు పూచీ ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకును పేరు వ్రాసి సంతకము చేయువారు ముందుకు రాలేదు. సంతకము లేని బాధ్యత బాధ్యత కాదు.

అట్లే తాబేలు ఇంట నున్నచో ఐశ్వర్యమను నమ్మకముతో నక్షత్రపు తాబేళ్లను తొట్లలో ఉంచుకొనువారు కలరు. ఆ తాబేలు మెట్టపొదలలో తిరుగు జీవి, నీటిలో నుండునది కాదు. మన ఆంధ్రదేశపు మెట్టభూములనుండి వానిని దొంగతనముగ విదేశములకు తరలించుట ఎక్కువై, 2019లో అంతర్జాతీయ వ్యాపారమును పూర్తిగ నిషేధించిరి. ఎవరింటనైనను ఉన్నచో అటవీశాఖవారికి అప్పగింపుడు. ఐశ్వర్యము పోదు, ఒక మూగజీవి ఉసురు తగులకుండును.

ప్రదర్శనమునకు బదులుగ, గ్రంథాలయమువారు పాములను గూర్చిన బొమ్మల పుస్తకములను తెప్పింతురు. వేసవిలో పిల్లలను హైదరాబాదుకో, విశాఖపట్టణపు జంతుశాలకో తీసికొనిపోవుదము. అచ్చట మొసలి కదలలేదని రాయి విసరకుండుటయు, గాజును కొట్టకుండుటయు నేర్పుదము. రాయి విసరినవాడు మొసలి ప్రాణమున్నదో లేదో పరీక్షించుచున్నానని అనుకొనును. నిజమునకు పరీక్షకు నిలిచినది అతని మనుష్యత్వము.

కడపట రురుని కథ. తన ప్రియురాలు ప్రమద్వర పాముకాటున మరణింపగా, తన ఆయువులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొన్న రురుడు, కనబడిన పామునెల్ల కఱ్ఱతో చంపుచు తిరిగెను. ఒకనాడు డుండుభమను విషములేని పాము అతనిని ఆపి, కరచునది వేరు, నేను వేరు, నన్నేల చంపుదువని అడిగెను. రురుడు కఱ్ఱ దింపెను. మన ధాన్యపుకొట్ల చుట్టు తిరిగి ఎలుకలను తిను జెర్రిపోతు ఆ డుండుభమునకు చుట్టమే. దానికి అడుగుటకు నోరు లేదు. అడుగకయే సమాధానము చెప్పుట మన వంతు.